ఎడమ చేత్తో గ్రీకు, కుడి చేత్తో అబద్ధం

మా పెద్ద బావగారికి పొద్దున్నే కుటుంబ గ్రూపులో ఒక వింత విశేషం పెట్టనిదే కాఫీ గొంతు దిగదు. మొన్న ఆదివారం ఆయన పెట్టింది ఇది: అమెరికా ఇరవయ్యో అధ్యక్షుడు జేమ్స్ గార్ఫీల్డ్ ఒకేసారి ఒక చేత్తో గ్రీకు, మరో చేత్తో లాటిన్ రాసేవాడట. పదకొండు మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. మా మేనకోడలు "అవధానం" అని రాసి రెండు దండాలు చేర్చింది. నేను ఇరవై ఏడేళ్లు లెక్కలు చెప్పిన మనిషిని. గార్ఫీల్డ్ పేరు ఏటా ఒకసారైనా నా నల్లబల్ల మీద పడేది. ఊరుకోలేక "దీనికి ఆధారం ఏమిటి బావగారూ?" అని అడిగాను. "ఆధారాలు అడుగుతూ కూర్చుంటే ఇక ఆనందం ఎక్కడిదమ్మా?" అన్నారు.

ఆ మాట నన్ను రెండు రోజులు వదల్లేదు. గార్ఫీల్డ్‌కు గ్రీకు వచ్చు, లాటిన్ వచ్చు, రెండూ పాఠాలు చెప్పాడు. రెండు చేతులా రాయగలిగేవాడని కూడా అంటారు. అయితే ఒకే క్షణంలో రెండు చేతులతో రెండు భాషలు రాస్తుండగా కళ్లారా చూశామని చెప్పిన నమ్మదగిన సాక్షి ఒక్కరూ లేరు. పోనీ, ఇలాంటి అబద్ధంతో ఎవరి కొంపా మునగదు. నా గొడవ అది కాదు. ఈ గారడీ ముక్క ఇంట్లో పెద్దపీట వేసుకుని కూర్చుంటే, ఆయనకు నిజంగా జరిగిన కథలు వీధి అరుగు మీద పడిగాపులు కాస్తున్నాయి. అవి దీనికంటే వింతైనవి. పైగా మనల్ని ఏదో ఒకటి అడుగుతాయి. గారడీ ముక్క ఏమీ అడగదు, చప్పట్లు కొట్టించుకుని వెళ్లిపోతుంది.

(గార్ఫీల్డ్ అని వెతికితే ముందు వచ్చేది నారింజ రంగు లావుపాటి పిల్లి. దానికీ ఈయనకూ చుట్టరికం ఉంది. ఆ బొమ్మల కథ గీసినాయన పిల్లికి తన తాతగారి పేరు పెట్టాడు. ఆ తాతగారికి వాళ్ల పెద్దలు ఈ అధ్యక్షుడి పేరు పెట్టారు. పేరు మోసిన మనిషి చివరికి పిల్లిగా మిగలడం కూడా ఒక రకం గతే.)

గార్ఫీల్డ్ 1831 నవంబరు 19న ఒహాయోలో, దుంగలు పేర్చి కట్టిన గుడిసెలో పుట్టాడు. రెండేళ్లు నిండకముందే తండ్రి పోయాడు. పదహారేళ్ల వయసులో ఇంట్లోంచి బయటపడి కాలువ పడవల దగ్గర పనికి చేరాడు. గట్టు మీద నడుస్తూ పడవను లాగే జంతువులను తోలడం ఆ పని. ఈత రాదు. కొద్ది వారాల్లోనే పద్నాలుగు సార్లు నీళ్లలో పడ్డాడని చెబుతారు. జ్వరం పట్టుకుని ఇల్లు చేరాక తల్లి ఎలైజా చదువు వైపు తిప్పింది. 1851లో హైరమ్ అనే ఊళ్లోని విద్యాలయంలో చేరినప్పుడు జీతం కట్టడానికి డబ్బు లేదు. గదులు ఊడ్చి, గంట కొట్టి చదువుకున్నాడు. కొన్నేళ్లు తిరిగేసరికి అదే విద్యాలయానికి అధిపతి అయ్యాడు, ఇరవై ఆరేళ్లకే. గంట కొట్టినవాడే ప్రిన్సిపాల్ గదిలో కూర్చున్నాడన్న ఈ ముక్క మా బడిలో పిల్లలకు చెప్పినప్పుడు మా అటెండరు కిటికీ దగ్గర ఆగి విని, నవ్వుకుంటూ వెళ్లడం నాకు గుర్తుంది.

ఇక నా నల్లబల్ల సంగతి. 1876లో గార్ఫీల్డ్ ప్రతినిధుల సభ సభ్యుడిగా ఉండగా పైథాగరస్ సిద్ధాంతానికి ఒక కొత్త నిరూపణ కనిపెట్టాడు. తోటి సభ్యులతో లెక్కల కబుర్లు చెప్పుకుంటుంటే తట్టిందట. బోస్టన్ విద్యాపత్రిక ఒకటి దాన్ని అచ్చువేస్తూ, పార్టీ భేదం లేకుండా సభ్యులందరూ ఏకమవ్వగల విషయం ఇదొక్కటి దొరికిందన్న అర్థం వచ్చేలా చమత్కరించింది.

కాగితం ఉంటే మీరూ చేసి చూడండి. 3, 4, 5 భుజాలున్న లంబకోణ త్రిభుజాలు రెండు కత్తిరించండి. మొదటిదాన్ని 4 భుజం నేలకు ఆనేలా, 3 భుజం ఎడమ చివర నిటారుగా ఉండేలా పెట్టండి. రెండోదాన్ని దాని పక్కనే 3 భుజం నేలకు ఆనేలా, 4 భుజం కుడి చివర నిటారుగా ఉండేలా పెట్టండి. కింద అంచు మొత్తం 7. ఇప్పుడు నిటారు భుజాల పై కొనలను ఒక గీతతో కలపండి. సమలంబ చతుర్భుజం వచ్చింది. సమాంతర భుజాలు 3, 4. వాటి మధ్య దూరం 7. వైశాల్యం 7ను 7తో హెచ్చించి సగం చేస్తే 24.5. అందులో మీరు కత్తిరించిన త్రిభుజాలు చెరో 6, కలిపి 12. మధ్యలో మిగిలిన ఖాళీ 12.5. ఆ ఖాళీ కూడా లంబకోణ త్రిభుజమే, దానికి రెండు భుజాలూ 5. అంటే 5ను 5తో హెచ్చించి సగం చేసినదే ఆ 12.5. కొలతల బదులు అక్షరాలు వేసుకుంటే సిద్ధాంతం మొత్తం నాలుగు వరుసల్లో తేలిపోతుంది.

పదో తరగతి పిల్లలకు ఇది చేయిస్తే ఆ మధ్య ఖాళీ దగ్గర ఒక్కసారి గది నిశ్శబ్దమయ్యేది. రెండు ముక్కలే కత్తిరించాం, మూడో త్రిభుజం ఎక్కడినుంచి వచ్చిందని వాళ్ల ఆశ్చర్యం. రెండు చేతులతో రాయడం కంటే ఇది గొప్ప పని అని నేను వాళ్లకు చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

అధ్యక్ష పదవి ఆయన కోరుకున్నది కాదు. 1880 జూన్‌లో షికాగోలో రిపబ్లికన్ల మహాసభకు జాన్ షెర్మన్ అనే మరొకరి పేరు ప్రతిపాదించడానికి వెళ్లాడు. ఓటింగు తెగలేదు. ముప్పై మూడు విడతలు జరిగాయి. ముప్పై నాలుగో విడతలో విస్కాన్సిన్ ప్రతినిధులు హఠాత్తుగా గార్ఫీల్డ్‌కు 16 ఓట్లు వేశారు. తన అనుమతి లేకుండా తన పేరుకు ఓటు వేయడం కుదరదని ఆయన లేచి అభ్యంతరం చెప్పబోతే సభాధ్యక్షుడు కూర్చోబెట్టాడు. ముప్పై ఆరో విడతలో 399 ఓట్లతో ఆయనే అభ్యర్థి. ఆ ఏడాది చివర ఒకే మనిషి ప్రతినిధుల సభలో సభ్యుడు, సెనేట్‌కు ఎన్నికైనవాడు, అధ్యక్షుడిగా ఎన్నికైనవాడు. 1881 మార్చి 4న ప్రమాణ స్వీకారం చేశాడు. కొడుకు ప్రమాణ స్వీకారాన్ని దగ్గరుండి చూసిన మొదటి తల్లి ఎలైజా. ఆ కొడుకు పోయాక మరో ఆరేళ్లకు పైగా బతికి ఉండాల్సి వచ్చిన తల్లి కూడా ఆమే.

అప్పట్లో గెలిచిన పార్టీ మనుషులకే సర్కారు ఉద్యోగాలు. పోస్టాఫీసు గుమాస్తా నుంచి విదేశాల్లో కాన్సుల్ వరకూ అంతా పైరవీయే. తెల్లారేసరికి అధ్యక్ష భవనం ముందు అర్జీలు పట్టుకుని బారులు. ఆ బారుల్లో చార్లెస్ గిటో అనేవాడు ఒకడు. ఎన్నికల్లో మాజీ అధ్యక్షుడు గ్రాంట్ అభ్యర్థి అవుతాడనుకుని ఒక ఉపన్యాసం రాసుకున్నాడు. గార్ఫీల్డ్ అభ్యర్థి అయ్యేసరికి గ్రాంట్ పేరు కొట్టేసి గార్ఫీల్డ్ పేరు పెట్టి అచ్చు వేయించాడు. ఆ ఉపన్యాసం వల్లే గార్ఫీల్డ్ గెలిచాడని, అందుకు పారిస్‌లో కాన్సుల్ పదవి తనకు బాకీ ఉన్నారని వాడి లెక్క. విదేశాంగ మంత్రి జేమ్స్ బ్లెయిన్ విసిగిపోయి, బతికుండగా పారిస్ ఊసు మళ్లీ ఎత్తవద్దని కసిరాడు. జూన్‌లో ఒకసారి రైల్వే స్టేషన్‌లో కాల్చడానికి కాచుకుని కూడా, జ్వరం నుంచి తేరుకుంటున్న అధ్యక్షుడి భార్య లుక్రీషియా భర్త చేయి పట్టుకుని నీరసంగా నడవడం చూసి వెనక్కి తగ్గాడు. ఇంతకు మించి వాడికి చోటివ్వను. అర్జీ పెట్టినవాడికంటే అర్జీలు వినిపించుకునే తీరే నాకు ముఖ్యం.

1881 జూలై 2 ఉదయం. వాషింగ్టన్‌లో బాల్టిమోర్ - పొటోమాక్ రైల్వే స్టేషన్. గార్ఫీల్డ్ తాను చదివిన విలియమ్స్ కళాశాలకు బయలుదేరాడు. వెంట అంగరక్షకుడు లేడు. హత్య పిడుగుపాటులాంటిదని, దాన్నుంచి కాచుకోవడం ఎవరి తరమూ కాదని ఆయనే అంతకు కొన్ని నెలల ముందు ఒక ఉత్తరంలో రాశాడు. ఒక గుండు చేతిని గీసుకుపోయింది, రెండోది వీపులో దిగింది. ఆ స్టేషన్‌లోనే ఉన్న యుద్ధమంత్రి రాబర్ట్ లింకన్, పదహారేళ్ల క్రితం హత్యకు గురైన అబ్రహాం లింకన్ కొడుకు. వైద్యుడి కోసం కబురు పంపింది ఆయనే.

వచ్చిన వైద్యుడి పేరు డాక్టర్ డాక్టర్ బ్లిస్.

అచ్చుతప్పు కాదు. పుట్టగానే తల్లిదండ్రులు పెట్టిన పేరే డాక్టర్ విలార్డ్ బ్లిస్. ఈ ముక్క బావగారికి పంపితే రోజంతా నవ్వుకునేవారు. నేనూ మొదట నవ్వాను. తర్వాత ఆలోచిస్తే, పుట్టుకతోనే డాక్టర్ అని పిలిపించుకున్నవాడికి నాకు తెలియదు అనే మాట నోట రావడం ఎంత కష్టమో అనిపించింది. ఇది నా ఊహే, చరిత్ర కాదు.

బ్లిస్ అనామకుడేమీ కాదు. అంతర్యుద్ధ కాలంలో వాషింగ్టన్‌లో పెద్ద సైనిక ఆసుపత్రి నడిపినవాడు. అందుకే ఆయన కడగని వేలు గాయంలో పెట్టినప్పుడు ఎవరూ వారించలేదు. ఆయనకంటే ముందు స్టేషన్ నేల మీదే ఇంకో వైద్యుడు పెట్టాడు, తర్వాత ఎందరో పెట్టారు. బ్రిటన్ శస్త్రవైద్యుడు జోసెఫ్ లిస్టర్ అప్పటికి పదేళ్లకు పైగా చేతులు, పరికరాలు కార్బాలిక్ ఆమ్లంతో శుభ్రం చేయమని మొత్తుకుంటున్నాడు. 1876లో ఫిలడెల్ఫియాకు స్వయంగా వచ్చి అమెరికన్ వైద్యులకు గంటల తరబడి చెప్పి వెళ్లాడు. విన్నవాళ్లలో చాలామంది పెద్దలు ఇళ్లకు వెళ్లి పాత అలవాటునే పట్టుకున్నారు. కంటికి కనబడని క్రిమి మనిషిని చంపుతుందంటే వాళ్లకు అది నవ్వులాట.

గుండు కుడివైపు ఉందని బ్లిస్ తేల్చాడు. తేల్చి, పత్రికలకు చెప్పాడు. ఇక వెనక్కి తీసుకోవడం కుదరదు.

టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ అప్పటికి ముప్పై నాలుగేళ్లవాడు. శరీరంలో ఉన్న లోహాన్ని చెవికి వినిపించే శబ్దంతో పట్టే యంత్రాన్ని హుటాహుటిన తయారుచేశాడు. జూలై 26న ఒకసారి, ఆగస్టు 1న మరోసారి అధ్యక్షుడి మంచం పక్కన నిలబడి వెతికాడు. బ్లిస్ వెతకనిచ్చింది కుడివైపే. రెండోసారి చాలా మేర మసక శబ్దం ఒకటి వినబడింది, ఎందుకో అంతుపట్టలేదు. మర్నాడు విచారిస్తే, పరుపు కింద ఉక్కు తీగల పరుపు మరొకటి ఉందని తెలిసింది. అసలు గుండు ఎడమవైపు, క్లోమం వెనక, తన చుట్టూ పొర కట్టుకుని కూర్చుని ఉంది. ఆ రోజుల్లోనే, ఆగస్టు 15న, బెల్ దంపతులకు నెలలు నిండకుండా కొడుకు పుట్టి, ఊపిరి అందక కొన్ని గంటల్లో పోయాడు. బెల్ ఆ దుఃఖంలోంచి ఊపిరి ఆడించే యంత్రం ఒకటి రూపొందించే పనిలో పడ్డాడు. అధ్యక్షుడి దగ్గర విఫలమైన లోహశోధక యంత్రం తర్వాత పాత సైనికుల శరీరాల్లో మిగిలిన గుండ్లను పట్టుకుంది. యంత్రంలో లోపం లేదు. దాన్ని ఎటువైపు పెట్టాలో నిర్ణయించే చోట లోపం ఉంది.

వాషింగ్టన్ ఎండలకు గదిని చల్లబరచడానికి నౌకాదళం ఇంజనీర్లు వేసిన ఎత్తు కూడా చెప్పుకోదగినదే. మంచు నీటితో తడిసిన గుడ్డల మీదుగా ఫ్యానుతో గాలి తోలారు. గది వేడి అంతకుముందు కంటే 20 ఫారెన్‌హీట్ డిగ్రీల మేర తగ్గింది. రెండు నెలల్లో సుమారు 5 లక్షల పౌండ్ల మంచు కరిగింది. మన వట్టివేళ్ల తడికల మీద నీళ్లు చల్లిన వేసవులు గుర్తొచ్చాయి నాకు.

ఈ రెండు నెలలూ ప్రజలకు అందినవి వైద్యుల ప్రకటనలు. నాడి ఇంత, జ్వరం ఇంత, రాత్రి నిద్ర పట్టింది, మొత్తానికి ఆశాజనకం. లోపల మనిషి 210 పౌండ్ల నుంచి 130 పౌండ్లకు కరిగిపోతున్నాడు. ఇది చదివినప్పుడు మా నాన్నగారి ఆఖరి పన్నెండు రోజులు కళ్లముందు తిరిగాయి. రోజూ సాయంత్రం ఆరు గంటలకు గాజు తలుపు తెరుచుకునేది, "నిలకడగా ఉంది" అన్న మాట వచ్చేది, తలుపు మూసుకునేది. ఎనిమిదో రోజు రాత్రి కట్టు మార్చిన నర్సమ్మాయి నన్ను పక్కకు పిలిచి, "మేడమ్, పుండు వాసన వేరుగా ఉంది, పెద్ద సారుతో మీరు చెప్పండి, నేను చెబితే బాగుండదు" అంది. నేను చెప్పాను. "మీరు లెక్కల టీచరు కదమ్మా" అన్నారు ఆయన. ఆసుపత్రి పేరు, ఆయన పేరు ఇక్కడ అనవసరం. ఆ అమ్మాయి చెబితే ఎందుకు బాగుండదన్నదే నాకు ఇప్పటికీ ప్రశ్న.

గార్ఫీల్డ్ మంచం చుట్టూ అలాంటి వాళ్లు ఉన్నారు. స్టేషన్‌లో తొలి నిమిషాల్లోనే చేరిన చార్లెస్ పర్విస్ నల్లజాతి వైద్యుడు, హోవర్డ్ విశ్వవిద్యాలయంలో వైద్యం బోధించేవాడు. అమెరికా అధ్యక్షుడికి వైద్యం చేసిన మొదటి నల్లజాతి వైద్యుడిగా చరిత్రకెక్కాడు. మిగతా వైద్యులతో పాటు ఆయననూ బ్లిస్ పక్కన పెట్టాడు. లుక్రీషియాకు వైద్యం చేసే సూజన్ ఎడ్సన్ చదువుకున్న వైద్యురాలు. ఆమెను ఉండనిచ్చారు, నర్సుగా. వైద్యులే గార్ఫీల్డ్‌ను చంపారని, తాను కాల్చాను అంతేనని గిటో కోర్టులో వాదించాడు. చాలామంది రచయితలు ఈ మాటను చమత్కారంగా ఎత్తి రాస్తారు. నాకు అది నచ్చదు. కాల్చినవాడికి అది సాకు, మనకు అది తేలిక దారి. అందరూ మూర్ఖులైన కాలం కాదది. తెలిసినవాళ్లు ఆ ఇంట్లోనే, ఆ మంచానికి నాలుగు అడుగుల దూరంలోనే ఉన్నారు. నోరు విప్పే హక్కు ఒక్కడి దగ్గరే ఉండిపోయింది.

సెప్టెంబరు 19 రాత్రి ఆయన కన్నుమూశాడు. శవపరీక్షలో మూడున్నర అంగుళాల గాయం ఇరవై అంగుళాల చీము దారిగా మారిందని బయటపడింది. బ్లిస్ 25,000 డాలర్ల బిల్లు పెట్టాడు. కాంగ్రెస్ 6,500 ఇస్తామంది. ఆయన పుచ్చుకోలేదు.

ఈ చావు వల్ల ఒక మంచి జరిగింది, అదీ ఎవరూ ఊహించని మనిషి చేతుల మీదుగా. పైరవీ రాజకీయాల్లోనే పెరిగి, న్యూయార్క్ సుంకాల కార్యాలయం నుంచి తొలగింపుకు గురైన ఉపాధ్యక్షుడు చెస్టర్ ఆర్థర్ అధ్యక్షుడయ్యాడు. 1883 జనవరి 16న పెండిల్టన్ చట్టం మీద ఆయనే సంతకం చేశాడు. పరీక్ష పెట్టి ప్రతిభను బట్టి ఉద్యోగం ఇచ్చే పద్ధతి దానితో మొదలైంది, మొదట పదింట ఒక వంతు ఉద్యోగాలకే అయినా. ఆ సంస్కర్తలు నమూనాగా చూసింది బ్రిటన్ పద్ధతిని. బ్రిటన్‌లో ఆ బహిరంగ పోటీ పరీక్ష మొదట పెట్టింది 1855లో, భారతదేశంలో కొలువులకు మనుషులను ఏరడానికి. గ్రూప్స్ పరీక్షకు మూడోసారి కూర్చుంటున్న మా మేనకోడలికి ఇది చెబితే, "అయితే ఈ బాధకు మూలం మనమేనా?" అంది.

అన్నిటికంటే నాకు ఇష్టమైన సంగతి సెప్టెంబరు 6ది. వాషింగ్టన్ ఎండకు తట్టుకోలేక, సముద్రం చూడాలని గార్ఫీల్డ్ అడిగాడు. న్యూజెర్సీలో ఎల్బెరాన్ అనే తీరపు ఊళ్లో ఒక ఇల్లు సిద్ధం చేశారు. రైలు దిగాక అక్కడికి బండి మీద తీసుకువెళితే కుదుపులకు ప్రాణం పోతుంది. అందుకని రాత్రికి రాత్రి దాదాపు రెండు వేల మంది చేరి, స్టేషన్ నుంచి ఆ ఇంటి వాకిలి దాకా 3,200 అడుగుల రైలు పట్టా వేశారు. మర్నాడు రైలు వచ్చింది. చివర్లో ఎత్తు ఎక్కలేక ఇంజను మొరాయించింది. పక్కన నిలబడిన జనం మాట్లాడకుండా వచ్చి, ఇంజను విప్పేసి, పెట్టెలను చేతులతో నెట్టుకుంటూ ఇంటి ముందు దాకా తెచ్చారు. వాళ్లలో ఒక్కరి పేరూ ఏ చప్పట్ల జాబితాలోనూ లేదు.

ఆయన పోయాక పట్టాలు పీకేశారు. కింద పరిచిన చెక్క స్లీపర్లను ఆ ఊరి దగ్గరే ఉండే ఒక నటుడు కొని, వాటితో చిన్న టీ గుడిసె కట్టించాడు. అది ఇప్పటికీ ఉంది. బావగారికి దాని బొమ్మ పంపాను. "ఇందులో విశేషం ఏమిటమ్మా?" అని అడిగారు. రాత్రి ఫోను చేసి మొదటినుంచి చెప్పాను. గంటసేపు విన్నారు. పెట్టేసే ముందు, "ఇంతకీ ఆ పట్టా వేసినవాళ్లకు కూలి ఇచ్చారా?" అన్నారు.